ఒప్పిస్తాలే

చచ్చిపోయిన తమ్ముడు సాయంకాలమైతే టీ అంగడిలో పాడుతుంటాడు, నేను ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టుకుంటూ ఉంటాను. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో జరిగింది ఇదే. నా పేరు అంజలై. ఊరు అరవదేశంలో గుడియాత్తం, నెల్లూరుపేట. ఆ ఏటి సంగతి అడిగితే మా వీధిలో తలకొక కథ చెప్తారు. చెప్పుకోనీ, నోరున్నాక ఊరుకుంటారా? పోయింది నా ఇంటి మనుషులు కనుక నా కథ నేను చెప్తాను.

తమ్ముడు ప్రభు వారమంతా నా మొగుడు చిన్నరాజు మేస్త్రీ దగ్గర గోడలు పూసేవాడు. శని, ఆదివారాలు వేలూరికి పోయి కరెంటు గిటారు వాయించేవాడు. కాలేజీ పిల్లలు గుంపులుగా చేరి ఎగిరేవాళ్ళట. ఆ పాటను రాక్ అంటారని చెప్పాడు. రాక్ అంటే ఏందిరా అని అమ్మ అడిగితే, "బండమ్మా" అన్నాడు.

"మీ తాత బండలు మోసినాడు, మీ నాయన బండలు మోసినాడు. నువ్వు చదువుకొని బండపాట పాడతాండావా?" అని అమ్మ నవ్వింది. ఆనాటి నుంచి మా ఇంట్లో దానికి బండపాట అనే పేరే నిలిచిపోయింది.

కార్తీకంలో వాడికి కామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోశాం, ఆసుపత్రిలో చేర్చాం, వారం తిరక్కుండా పోయాడు. పెళ్ళి కూడా కాలేదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమె పేరు కాళియమ్మ. చావు ఇంట్లో పీనుగ చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు ఏడుస్తూ పాడే పాటను మా వైపు ఒప్పారి అంటారు. గుడియాత్తంలో ఎవరి ఇంట్లో ప్రాణం పోయినా పందిరి గుంజలు రాకముందే మా అమ్మకు కబురొచ్చేది. తమిళం ఇళ్ళలో తమిళంలో పాడేది, మనవాళ్ళ ఇళ్ళలో తెలుగులో పాడేది. బతికున్నప్పుడు అత్త ముఖం చూడని కోడలు కూడా మా అమ్మ గొంతెత్తితే గుండెలు బాదుకుని ఏడవాల్సిందే.

కానీ ఆమెకు ఒక కట్టుబాటు ఉండేది. పీనుగ లేని చోట నోటికి ఆ పాట రానిచ్చేది కాదు. "ఒప్పారికి మనిషి కావాల. ముందర మనిషి లేకుండా పాడితే అదే పోయి ఎతుక్కుంటాది" అనేది. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడది ఉంటే మరీ భయం. నాకప్పటికి రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి నెల తప్పిందని తెలిసిన రోజే అమ్మ చావు ఇళ్ళకు పోవడం మానేసింది. ఎవరు పిలిచినా, "నా బిడ్డ నీళ్ళాడే దాకా నా నోరు కట్టేసినట్టే నాయనా" అని పంపించేసేది.

అప్పుడు ప్రభు పోయాడు. నాకు మూడో నెల. నట్టింట్లో కొడుకు పడుకుని ఉన్నాడు, గోడవార నేను కూర్చుని ఉన్నాను. అమ్మ వాడి ముఖం చూసింది, నా కడుపు చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పాడె లేచేదాకా ఆ కొంగు తీయలేదు. తర్వాత చూస్తే చీర పంటి గాట్లతో చిరిగి ఉంది.

"ఊరందరికీ పాడిన నోరు, కన్నకొడుక్కి పడిపోయినాదే" అని ఎదురింటి సుబ్బమ్మ అంది. అమ్మ విన్నది.

పొంగలికి ప్రభు పాటల క్యాసెట్ వచ్చింది. వేలూరులో వేలాయుధం అని ఒకాయన అమ్మవారి పాటల క్యాసెట్లు వేసేవాడు. ప్రభు బతికుండగా మూడుసార్లు ఆయన గడప దాకా పోయి వెనక్కు వచ్చినా ఆయన లోపలికి రమ్మనలేదు. పోయాక మాత్రం వాడు పాడి దాచిన టేపుల కోసం తనే మనిషిని పంపాడు. ఇంటింటికీ కేబుల్ వచ్చిన కాలం అది, కుర్రవాళ్ళకు కొత్త మోతలు కావాలి. వేసినవి వేసినట్టు అమ్ముడుపోయాయట. ఉగాదికి ఇంకొకటి వేశారు. అందులో ప్రభు సగం పాడి వదిలిన పాటలకు మరెవరో మిగతా సగం పాడారు. ఉన్నన్నాళ్ళు టీ ఇవ్వడానికి మొహం చిట్లించిన మారి, తన అంగడిలో వాడి ఫొటోకు దండ వేసి సాయంకాలమంతా అవే పాటలు పెట్టేవాడు. పోయినోళ్ళు మంచోళ్ళు అని ఊరికే అన్నారా?

ఆ పాట మొదలైతే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. చేటలో బియ్యం చేటలోనే ఉండేవి. అన్నం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచేది. ఉగాదికి ఆమె రవికెలన్నీ వదులైపోయాయి.

చిత్తిరై నెల సగంలో, కత్తిరి అనే నిప్పుల ఎండలు ఇంకా మొదలుకాకముందే, వేలాయుధమే స్వయంగా మా ఇంటికి వచ్చాడు. నడుముకు పేజరు, చంకలో టేపురికార్డరు. వెంట అంతోని ఉన్నాడు. అంతోని మా ప్రభు పక్కన డ్రమ్ములు వాయించిన పిల్లవాడు, తమిళం తప్ప వేరే భాష రాదు. ప్రభు పోయినప్పుడు మాకంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

"ఇంకొక పాట మిగిలింది అమ్మా" అన్నాడు వేలాయుధం తమిళంలోనే. "మెట్టు ఉంది, పాట వరస ఉంది, మాటలు లేవు. మధ్య మధ్యలో ఊరికే ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో ఎవరు పాడాలో అర్థం కాక తల పట్టుకున్నాం. చివరికి అంతోనియే కనిపెట్టాడు."

అంతోని అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అమ్మ పాడాలని ప్రభు తానే టేపులో చెప్పినాడు. అమ్మ, ఒప్పారి అని చెప్పినాడు. నా చెవులతో విన్నాను" అన్నాడు.

వేలాయుధం టేపు నొక్కాడు. ప్రభు గొంతు ఉత్తగా రాగం తీస్తోంది, కింద గిటారు మెల్లగా మోగుతోంది. బండపాట ఇంత నెమ్మదిగా ఉంటుందని నాకు తెలియదు. ఆ మెట్టు నేనెరిగిందే. అమ్మ ఒప్పారి మెట్టు. రాగం ఆగింది. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో అమ్మ పెదవులు కదిలాయి. చటుక్కున చేత్తో మూసుకుంది.

"ఆపండి" అన్నాను. "ఇది కడుపుతో ఉండే ఇల్లు. ఇక్కడ ఆ పాట పాడకూడదు. మీకు తెలియదా?"

"ఇక్కడ ఎందుకమ్మా? వేలూరులో మా రికార్డింగ్ గది ఉంది. గోడలకు పరుపులు బిగించాం. లోపల పాడింది చీమకు కూడా వినపడదు" అన్నాడు వేలాయుధం.

అమ్మ అంతోని వైపు తిరిగి, అరవంలో ఒకే ఒక మాట అడిగింది. "లోపల పాడింది లోపలే ఉంటాదా తంబీ?"

"ఒక చుక్క కూడా బయటికి రాదు అమ్మా" అన్నాడు వాడు. గోడల సంగతి అడిగిందనుకున్నాడు పాపం.

ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర నేను వద్దంటే వద్దని పోరాను. చిన్నరాజు కూడా, "అత్తా, ఈ నెల గడవనీ, బిడ్డ భూమ్మీద పడినాక పాడుదువు" అన్నాడు.

"వాడు అడిగినాడు నాయనా" అంది అమ్మ. "వాడు పోయిన పొద్దు పాడలేదు. గొంతులో ముల్లు మాదిరి ఉండాది. మింగనూ లేను, కక్కనూ లేను. పరుపుల గదిలో వాడికి ఇచ్చేసి వస్తా. మీ ఇంటికి రాదులే."

నాకు ఆసుపత్రిలో చూపించుకోవడం, అమ్మ పాట ఒకే రోజు పెట్టుకుని వేలూరికి బస్సెక్కాం. కోట వెనక సందులో మేడమీద ఉంది ఆ గది. అమ్మ నన్ను మెట్ల కిందే కూర్చోబెట్టి, రెండు చెవుల్లో దూది పెట్టి పైకి పోయింది. చెప్పినట్టే చిన్న శబ్దం కూడా రాలేదు. ఎండ గోడల మీద నుంచి కొడుతోంది. కడుపులో బిడ్డ అటు ఇటు దొర్లుతోంది.

అంతోని దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. దూది తీయమని సైగ చేశాడు. "అక్కా, వేరే భయం వద్దు, ఇది పాట కాదు. ప్రభు మాట మాత్రమే. వినండి, మనసుకు బాగుంటుంది" అని చిన్న టేపు చెవికి పెట్టాడు.

ప్రభు నా చెవిలో మాట్లాడాడు. ఒంటరిగా టేపుతో మాట్లాడేటప్పుడు వాడికి ఇంటి భాషే వచ్చేది.

"ఈ ఖాళీ ఇట్లనే ఉండనీ. ఈడ మా అమ్మ పాడతాది. అక్క బిడ్డకి జోల. పాడనంటాదిలే, సిగ్గు. నేను ఒప్పి..." అంతలో గిటారు తీగ టంగుమని మోగి మిగతా మాటను మింగేసింది.

"విన్నారా? ఒప్పారి" అన్నాడు అంతోని.

నేను దాన్ని వెనక్కు తిప్పించి మళ్ళీ విన్నాను. జోల అంటే అంతోనికి తెలియదు, వాళ్ళ భాషలో అది తాలాట్టు. అమ్మ జోలకూ, ఒప్పారికీ మెట్టు ఒకటే. ఆమె మమ్మల్ని ఆ రాగంలోనే నిద్రపుచ్చింది. ఊయల దగ్గర ఒక మాట, పాడె దగ్గర ఇంకొక మాట, అంతే తేడా.

"ఒప్పారి కాదు తంబీ. ఒప్పిస్తాలే అన్నాడు వాడు. అమ్మను ఒప్పిస్తా, సరే అనిపిస్తా అని. పాడమన్నది నా బిడ్డకు తాలాట్టు" అన్నాను.

అంతోని లేచి రెండేసి మెట్లు ఎక్కాడు. వెనకే నేనూ నా కడుపు మోసుకుని ఎక్కాను. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. గాజు వెనక అమ్మ కళ్ళు మూసుకుని, జుట్టు విప్పుకుని, నేలమీద కూర్చుని చేతులు చాచి పాడుతోంది. నాకేమీ వినిపించలేదు. ఆమె ఎదుట మైకు తప్ప ఎవరూ లేరు.

గాజు దగ్గర వేలాయుధం నిలబడి ఉన్నాడు. అంతోని చెప్పింది విని, నా వైపు తిరిగి మొదటిసారి తెలుగులో మాట్లాడాడు.

"తెలుసమ్మా. మా ఇంట్లోనూ తెలుగే. ఆ టేపు నేనూ విన్నా."

"తెలిసి కూడానా?"

"జోలపాట ఎవరు కొంటారు చెప్పు. పాడినాది చూడు, పాడతా పాడతా ఆమె ముఖం ఎట్ల తేట పడతా ఉండాదో. ఆమెకూ మేలే."

"ఈ పాట బయటికి రాకూడదు" అన్నాను. "వచ్చి, నా బిడ్డకు ఏమైనా అయితే నీ గడపలో వచ్చి పడతా."

"సరే, వేయనులే. పో, కూర్చో" అన్నాడు. పసిబిడ్డను ఊరుకోబెట్టినట్టే అన్నాడు.

అమ్మ బయటికి వచ్చింది. జ్వరం విడిచిన మనిషిలా ఉంది. జుట్టు ముడి వేసుకుంటూ, "ఆకలేస్తా ఉండాదే" అంది. బస్టాండు దగ్గర హోటల్లో రెండు దోసెలు తిని మూడోది అడిగింది. కార్తీకం తర్వాత ఆమె కడుపునిండా తినడం ఆ రోజే చూశాను. చట్నీ వేలితో తుడిచి తింటున్న మనిషికి ఏమని చెప్పను? చెప్పలేదు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు మా ఇంట్లో మళ్ళీ పొయ్యి దగ్గర నవ్వు వినిపించింది. నా కడుపు చూసి, "ఆడబిడ్డే, ముందుకు తోసుకొని ఉండాది" అని జోస్యం కూడా చెప్పింది.

చిత్తిరై పోయి వైకాసి నెల పుట్టిన మొదటి రోజు గుడియాత్తంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళు. అమ్మవారి తలను వీధి వీధీ ఊరేగించి, గుడిలో మొండేనికి అతికిస్తారు. సాయంకాలానికి మళ్ళీ తీసేస్తారు. లోకమంతా మా ఊళ్ళోనే ఉంటుంది ఆ రోజు. శిరసు జనానికి అందాలని ముందు వారమే క్యాసెట్ దించాడు వేలాయుధం. అట్ట మీద ప్రభు, వాడి పక్కన కళ్ళు మూసుకున్న అమ్మ. గాజు వెనక నుంచి ఫొటో ఎప్పుడు తీశారో దేవుడికెరుక.

మారి తన అంగడిలో పెద్ద పెట్టెలు కట్టి మరీ పెట్టాడు. మొదట ప్రభు మాటలు వచ్చాయి. తీసేయలేదు, అవే ముందు పెట్టారు. తర్వాత గిటారు. తర్వాత ఆ ఖాళీలో అమ్మ. ఆమె గొంతు వీధి దాటి, గడప దాటి, నట్టింట్లో నా మీద పడింది. నేను చెవులు మూసుకున్నాను. కడుపును ఏ చేతులతో మూయను?

అమ్మ గుమ్మంలో నిలబడి పాట మొత్తం విన్నది. అయిపోయాక వచ్చి నా ముందు కూర్చుంది.

"అక్క బిడ్డకి జోల అన్నాడు కదా?"

తల ఊపాను.

"నీకెప్పుడు తెలుసు?"

"ఆ పొద్దే మా."

"చెప్పకపోతివే."

"ఆ పొద్దు నువ్వు కడుపునిండా తిన్నావు మా."

అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది. "లోపలే ఉంటాదన్నాడు ఆ అబ్బి" అంది. "బయటికి వచ్చేసినాది. ఇల్లిల్లూ తిరగతా ఉండాది. మనిషిని ఎతుక్కోకుండా పోదు."

"ఛీ, ఏం మాటలు మా అవి. ఉత్త టేపు అది" అని కసిరాను. కసిరానే గాని ఆ రాత్రి నుంచి బిడ్డ కదిలిందా లేదా అని చెయ్యి కడుపు మీదే పెట్టుకుని పడుకున్నాను. చిన్నరాజు పోయి మారిని తిట్టి వచ్చాడు. మారి ఆపితే బట్టల అంగడిలో పెట్టారు, అక్కడ ఆపితే షేర్ ఆటోలో మోగింది. ఎందరి నోళ్ళు మూయగలం?

శిరసు రోజు పొద్దున అమ్మ తలంటు పోసుకుని పసుపు చీర కట్టింది. చిన్నరాజు అడ్డుపడ్డాడు. "అత్తా, ఎండ చూడు, నిప్పులు కురస్తా ఉండాది. ఆ జనంలో ఏడికి పోతావు?"

"మొక్కు ఉండాది నాయనా" అంది. నా దగ్గరికి వచ్చి, కడుపు మీద అరచెయ్యి ఆనించి, లోపలి బిడ్డతో మాట్లాడింది. "నువ్వు నిదానంగా రా తల్లీ. నేను ముందు పోయి చూసి వస్తా."

తిరునాళ్ళు చూసి వస్తానంటోందనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం తిరిగి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు. అరుగు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, "శిరసు అతికించినారు, కండ్లారా చూసినా. కొంచెం మజ్జిగ ఇయ్యి" అంది. ఉప్పు వేసి, కరివేపాకు తుంచి వేసి తీసుకొచ్చాను. గ్లాసు అందుకునే మనిషి లేదు. కూర్చున్నట్టే ఉంది అమ్మ.

ఎండదెబ్బ అన్నారు. అంతే అయ్యుంటుంది.

ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. కూర్చున్నారే గాని ఎవరికీ ఎత్తుకోవడం రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఎత్తుకునే గొంతు ఒకటే, అది కింద పడుకుని ఉంది. సుబ్బమ్మ రెండు మాటలు అని గొంతు పగిలి ఊరుకుంది. "పాపం, ఆమెకు పాడేదానికి మనిషి లేకపోయినాదే" అని అందరూ ముక్కులు చీదుకున్నారు. అప్పుడు మారి, మంచి మనసుతోనే, అంగడిలో ఆ క్యాసెట్ పెట్టాడు.

కొడుకు రాగం తీశాడు. ఖాళీలో తల్లి అందుకుంది. తన పీనుగ దగ్గర అమ్మ తనే ఒప్పారి పాడింది. ఒక్క మాట పోకుండా, ఊపిరి తడబడకుండా పాడింది. వీధంతా ఏడ్చింది. పాట వెతుక్కున్న మనిషి దొరికిందని నాకు ఆ క్షణాన అనిపించింది. నా బిడ్డ బతుకుతుందని కూడా అనిపించింది. తల్లి శవం పక్కన అట్లా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

వేలాయుధం పెద్ద దండతో కారులో వచ్చాడు. దండ వేసి, దండం పెట్టి, నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి తెలుగులోనే అన్నాడు. "అంజలమ్మా, ఆ పొద్దు అమ్మ ఇంకొక పాట ఎత్తుకొని సగంలో ఆపేసినాది. మంచి పాట. మిగతా సగం ఎవరు పాడతారా అని చూస్తా ఉండాను. నీ గొంతు అచ్చం అమ్మ గొంతే."

నా గొంతులో ఏదో పైకి లేచి వచ్చింది. తిట్టో, ఏడుపో, పాటో నాకే తెలియదు. నోరు తెరిస్తే ఏది బయటపడుతుందోనని భయం వేసింది. కొంగు నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికాను. చిన్నరాజు వచ్చి ఆయన రెక్క పట్టుకుని కారు దాకా నడిపించాడు.

వైకాసి అమావాస్యకు ముందే నాకు ఆడబిడ్డ పుట్టింది. అమ్మ చెప్పిన జోస్యమే నిజమైంది. శృతి అని పేరు పెట్టాం, ఆ పేరు ప్రభు ఎప్పుడో అనుకున్నదట, అంతోని చెప్పాడు. బిడ్డ నిక్షేపంగా ఉంది. కానీ నిద్ర పోదు. నేను జోల పాడను, నాకు వచ్చిన మెట్టు అదొక్కటే. ఉత్తగా జోకొడతాను, ఊయల ఊపుతాను, గుక్క పట్టి ఏడుస్తూనే ఉంటుంది.

సాయంకాలం అంగడిలో ఆ పాట మొదలవుతుంది. తలుపు వేసేలోపే లోపలికి వచ్చేస్తుంది. ప్రభు రాగం తీస్తాడు, అమ్మ అందుకుంటుంది. శృతి ఏడుపు ఆపి కళ్ళు మూసుకుంటుంది. పాట అయిపోయేలోగా నిద్రపోతుంది. నేను ఊయల ఆపి, వంగి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా ఊపిరి తగిలేదాకా అట్లాగే ఉంటాను.

ప్రభు అన్నంత పనీ చేశాడు. అమ్మను ఒప్పించాడు.